ఉప్పునీటిలో నూనెకు చోటెక్కడ?

నెల్లూరు జిల్లా ఇసకపల్లి ఉప్పు మడుల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజను కిందికి వంగి చూడండి. కారిన బొట్టు నీటి మీద పడీ పడగానే పలచగా పరుచుకుని నెమలికంఠం రంగుల్లో మెరుస్తుంది. నూనె, నీరు కలవవని చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఆ పాఠం పూర్తిగా నిజం కాదు.

పెట్రోలులో కాస్తంత ఉండే బెంజీన్‌నే తీసుకుందాం. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీటిలో అది సుమారు 1.8 గ్రాములు కరుగుతుంది. పెట్రోలులోనే ఉండే టొలీన్ అర గ్రాము. డీజిల్‌లోని పొడవాటి గొలుసు అణువులు మాత్రం దాదాపు కరగవనే చెప్పాలి. ఇక సముద్రపు నీటిలోనైతే బెంజీన్ 1.4 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది.

బెంజీన్ అణువు నీటిలో ఇమడాలంటే నీటి అణువులు కొంచెం ఎడం జరిగి చోటివ్వాలి. ఉప్పు కరగగానే సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. వాటి విద్యుదావేశానికి నీటి అణువులు చుట్టూ మూగి బిగుసుకుంటాయి. మగపెళ్లివారి మర్యాదల్లో తలమునకలైన ఇంట్లో, పిలవకుండా వచ్చిన చుట్టానికి పీట వేసేదెవరు? ఈ పోలిక ఒకచోట కుంటుతుంది: నీటికి బెంజీన్ మీద కోపమేమీ లేదు, స్వల్పంగా ఆకర్షణే ఉంది. చోటు చేయడానికయ్యే ఖర్చే పెరిగింది.

ఆ ఖర్చుకు లెక్క కట్టినవాడు రసాయన శాస్త్రవేత్త కాకపోవడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. ఇవాన్ సెచెనోవ్ రష్యాకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎలా కరుగుతుందో వెతుకుతూ ఉప్పు ద్రావణాల దాకా వెళ్లి, 1889లో తన సూత్రాన్ని ప్రకటించాడు. దాని ప్రకారం ఉప్పు సమానమైన మెట్లలో పెరుగుతుంటే, కరిగే పరిమాణం ప్రతి మెట్టుకూ ఒకే నిష్పత్తిలో పడిపోతుంది. బెంజీన్ విషయంలో లీటరుకు 58 గ్రాముల ఉప్పు చేరిన ప్రతిసారీ మూడో వంతుకు పైగా తగ్గుతుంది.

ఉప్పు మడులు ఈ సూత్రానికి మెట్లు కట్టినట్టే ఉంటాయి. ఎండకు చిక్కబడిన నీరు ఒక మడి నుంచి మరో మడికి పారుతుంది. ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే బామే కొలతలో 25 డిగ్రీల దగ్గర ఉప్పు గింజ కడుతుంది. ఆ చివరి మడి నీటిలో బెంజీన్ కరిగేది మంచినీటిలో కరిగేదాంట్లో ఇంచుమించు పదో వంతే. సల్ఫేట్ లవణాలు క్లోరైడ్ల కంటే గట్టిగా బెంజీన్‌ను బయటికి గెంటుతాయి. అన్ని లవణాలూ ఇలాగే ఉండవు. విద్యుదావేశాన్ని కార్బన్ చేతుల మధ్య దాచుకున్న పెద్ద అయాన్ల లవణాలు కొన్ని బెంజీన్ వంటి హైడ్రోకార్బన్లను మరింత కరిగిస్తాయి కూడా.

ప్రయోగశాలలో నీటి నుంచి నూనెను విడదీయాలంటే ఇప్పటికీ పిడికెడు ఉప్పు వేసి కుదుపుతారు. మడిలో అలా విడిపోయినది ఎటూ మాయం కాదు. తేలికైనది గాలిలోకి లేస్తుంది, బరువైనది అడుగు బంకమట్టిని పట్టుకుంటుంది. ఉప్పునీటిలో తక్కువే కరుగుతుందిగా అని నిశ్చింతగా ఉండేవారు ఒక అంకె చూడాలి. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము.