వాళ్లు అడిగింది సర్టిఫికెట్ కాదు, కరెంటు లెక్క

పోయిన నెల మళ్లీ అలాంటి ఫోనే. జడ్చర్ల దగ్గర అట్టపెట్టెల యూనిట్ నడిపే పెద్దాయన, పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీకి పదకొండేళ్లుగా కార్టన్లు సప్లై చేస్తున్నాడు. "తమ్మీ, కార్బన్ సర్టిఫికెట్ లేకుంటే ఆర్డర్ బంద్ అన్నరు. ఒకాయనకు లక్షా ఎనభై వేలు కట్టి తెచ్చిన. కంపెనీవాళ్లు ఆ కాయితం వాపస్ పంపిన్రు. ఇప్పుడేం జేయాలె?"

ఎనర్జీ ఆడిట్ పనిలో నాకు ఈ రెండేళ్లలో ఎక్కువగా ఎదురైన మాట ఇదే. మనవాళ్ల జేబుకు పెద్ద చిల్లు పెడుతున్నదీ ఇదే.

అపోహ: కార్బన్ సర్టిఫికెట్ కొనిస్తే పని అయిపోతుంది.

వాస్తవం: కంపెనీకి కావలసింది మీ లెక్క. లిస్టయిన మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి ఏటా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణం, సమాజం పట్ల బాధ్యతల నివేదిక) ఇవ్వాలి. మీ ఫ్యాక్టరీలో కాలే డీజిల్, వాడే కరెంటు వాళ్ల స్కోప్ 3లోకి, అంటే సప్లై చేసేవాళ్ల లాంటి బయటివాళ్ల దగ్గర వెలువడే కార్బన్ పద్దులోకి వస్తాయి. అందుకే మీకు ప్రశ్నలు పంపుతున్నారు. కొందరు మూడో పార్టీ ధ్రువీకరణ కూడా అడుగుతారు, నిజమే. కానీ ధ్రువీకరించడానికైనా ముందు లెక్కంటూ ఉండాలి కదా!

శనివారం వెళ్లి ఆయన మెయిల్ తెరిచి చూశాను. మొత్తం పద్నాలుగు ప్రశ్నలు. సర్టిఫికెట్ అన్న మాట ఎక్కడా లేదు. ఏడాది కరెంటు యూనిట్లు, జనరేటర్ డీజిల్, లారీ ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, వ్యర్థం అట్ట ఎటు పోతుంది, ఇలాంటివే. బిల్లులన్నీ ఆఫీసు గదిలో ఇనుప తీగకు గుచ్చి ఉన్నాయి. రెండు నెలల బిల్లుల్లో ఆ తీగ సరిగ్గా రీడింగ్ అంకె మీదుగానే దిగింది. తర్వాతి నెల బిల్లులో 'పాత రీడింగ్' ఉంటుంది కాబట్టి, తేడాను మీటర్ ఎంఎఫ్‌తో (రీడింగ్‌ను యూనిట్లుగా మార్చే గుణకం) గుణించి రాబట్టాం. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి: బిల్లులో కేవీఏహెచ్, కేడబ్ల్యూహెచ్ రెండూ ఉంటే ఈ లెక్కకు కేడబ్ల్యూహెచ్, అంటే నిజంగా ఖర్చయిన కరెంటు తీసుకోవాలి.

ఏడాదికి 1,08,000 యూనిట్లు. గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కు ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ అన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రకటిస్తుంది. 0.7 చొప్పున వేసినా 75 టన్నులు దాటింది. డీజిల్ 2,400 లీటర్లు, లీటరుకు 2.68 కిలోలు, అంటే ఆరున్నర టన్నులకు కాస్త తక్కువ. పాపం, ఆయన జనరేటర్ పొగ గురించే భయపడుతూ కూర్చున్నాడు.

భోజనం వేళ మిషన్లన్నీ ఆపారు. కంప్రెసర్ మాత్రం ఆగి ఆగి మళ్లీ లేస్తోంది. గాలి వాడేవాళ్లే లేరు, మరి ఎక్కడికి పోతోంది? పైపు జాయింటుకు సబ్బునీళ్లు రాస్తే బుడగలు ఉబ్బాయి. సరిగా చూసుకోని చోట 20 నుంచి 30 శాతం గాలి ఇలా లీకులకే పోతుంది. ఆ డబ్బు ఆయన ప్రతి నెలా కడుతూనే ఉన్నాడు.

మా నాన్న మహబూబ్‌నగర్‌లో జిన్నింగ్ మిల్లు కాంటా దగ్గర గుమాస్తా. చిట్టీ లేకుండా ఒక్క పత్తి బండినీ దాటనిచ్చేవాడు కాదు. కార్బన్ లెక్క అంటే నాకు ఆ చిట్టీల కట్టే గుర్తొస్తుంది. కొత్త విద్యేమీ కాదిది.

అపోహ: ఊకతో బాయిలర్ నడిపే మిల్లుకు లెక్కే అక్కర్లేదు.

వాస్తవం: మిర్యాలగూడ బాయిల్డ్ రైస్ మిల్లుల్లో ఈ మాట బాగా వినిపిస్తుంది. ఊక నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను స్కోప్ 1లో, అంటే మిల్లు తానే కాల్చిన ఇంధనం పద్దులో కలపరు, కానీ విడిగా చూపించాలి. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కొంచెమే అయినా స్కోప్ 1లోకే వస్తాయి. వడ్లలో దాదాపు ఐదో వంతు ఊకే. కాల్చినదెంతో, అమ్మినదెంతో కాంటా చిట్టీలు దాచండి.

అపోహ: యూరప్ కార్బన్ పన్ను మన బియ్యం మీద కూడా పడుతుంది.

వాస్తవం: పడదు. 2026 జనవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఈ పన్ను (పేరు సీబ్యామ్) జాబితాలో సిమెంటు, ఇనుము-ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు ఉన్నాయి. బియ్యం, మందులు, బట్టలు లేవు. వాట్సాప్‌లో వచ్చిందని గాబరాపడి ఎగుమతి ఆపుకోకండి.

సోలార్ పెట్టుకుంటే అంతా సున్నా అనేవాళ్లూ ఉన్నారు. పలకలు తగ్గించేది కరెంటు పద్దునే. లారీ డీజిల్ లారీదే.

మెయిల్ రాగానే గుండె గుభేల్మంటుంది, నాకు తెలుసు. పదకొండేళ్ల ఆర్డర్ అంటే పాతిక ఇళ్ల పొయ్యి. అయినా ఎవరికీ రూపాయి కట్టకముందు ఆ మెయిల్‌కే జవాబు రాయండి: ఏ ఏడాది లెక్క కావాలి, ఏ ఫార్మాట్‌లో, ధ్రువీకరణ కావాలా వద్దా. దానికి ఖర్చేమీ లేదు. చిన్న తయారీ యూనిట్లకు కేంద్రం జెడ్ పథకం (లోపం లేకుండా, పర్యావరణానికి హాని లేకుండా తయారు చేస్తున్నారని ఇచ్చే సర్టిఫికెట్) ఉంది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే చాలు, సర్టిఫికేషన్ ఫీజులో సూక్ష్మ యూనిట్లకు 80 శాతం రాయితీ.

పెద్దాయన లెక్క బుధవారం పంపాం. శుక్రవారం కంపెనీ నుంచి ఒక్క ప్రశ్న వచ్చింది, గ్రిడ్ అంకె ఏ ఏడాదిది అని. చెప్పాం, తీసుకున్నారు. లక్షా ఎనభై వేలు తీసుకున్నాయన ఫోన్ మాత్రం ఇప్పటికీ స్విచాఫ్‌లోనే ఉంది.