బౌద్ధ ధ్యానంలో మండలం: అపోహలు - వాస్తవాలు

మండలం అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది నలభై ఒక్క రోజుల దీక్ష. నా దగ్గరికి ధ్యానం నేర్చుకోవడానికి వచ్చేవారూ అదే అడుగుతారు. టిబెట్‌లో పాటించే తాంత్రిక శాఖ అయిన వజ్రయాన బౌద్ధంలో మండలం రోజుల లెక్క కాదు, ఒక చోటు. టిబెటన్లు కీల్‌ఖోర్ అంటారు: కేంద్రం, దాని చుట్టూ ఉన్నది అని అర్థం.

అపోహ: అది చూపు నిలపడానికి గీసిన అందమైన బొమ్మ.

వాస్తవం: అది దేవతా భవనానికి ప్లాను. పైనుంచి చూస్తున్నట్టు గీసి, గోడలనూ నాలుగు ద్వారాలనూ బయటికి పరిచి చూపిస్తారు. తూర్పు దిక్కు కింద, మన వైపు ఉంటుంది. భూగోళ పటం చూసే అలవాటుతో చూస్తే దారి తప్పుతాం. సాధకుడు ఆ భవనాన్ని మనసులో నిలబెట్టాలి. అగ్నివలయం, వజ్రప్రాకారం, తామర రేకులు దాటి లోపలికి వెళ్లాలి. కాలచక్రం అనే తంత్రగ్రంథపు మండలంలోనైతే 722 మంది దేవతలుంటారు. మొదటి ఏడాది నేను తూర్పు తోరణం దగ్గరే ఆగిపోయాను. దాన్ని నిలబెట్టేలోపు దక్షిణపు గోడ కరిగిపోయేది. చివరికి కట్టిందంతా కాంతిగా మార్చి, నడిమి దేవతలోకి, ఆ దేవత హృదయంలోని బీజాక్షరంలోకి, అక్కడి నుంచి శూన్యంలోకి లయం చేయాలి. ఈ చివరి మెట్టు వదిలేస్తే మిగిలేది పగటికల.

అపోహ: ఇసుక మండలం కూడా ముగ్గులాంటిదే, అందుకే చెరిపేస్తారు.

వాస్తవం: ముగ్గుపిండి వేళ్ల మధ్య నుంచి జారుతుంది. ఇక్కడ చక్‌పుర్ అనే సన్నని లోహపు గొట్టం ఉంటుంది. దాని మీది గాట్లను మరో కడ్డీతో రాస్తుంటే, కీచురాయి అరుపులాంటి చప్పుడుతో రంగు ఇసుక దారంలా రాలుతుంది. కేంద్రం నుంచి బయటికి రోజుల తరబడి వేస్తారు. అనిత్యాన్ని గుర్తుచేయడం నిజమే. అయితే అందులోకి దేవతలను ఆవాహన చేస్తారు, ఊడ్చే ముందు ఉద్వాసన చెబుతారు, ఇసుకను పారే నీటిలో కలుపుతారు. వినాయకుడిని సాగనంపే తెలుగువారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

అపోహ: ఇదంతా టిబెట్ వ్యవహారం, మనకు సంబంధం లేదు.

వాస్తవం: బుద్ధుడు శంభల అనే పురాణ రాజ్యపు రాజు సుచంద్రుడికి కాలచక్రాన్ని ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో, బోధించాడని సంప్రదాయం చెబుతుంది. చరిత్ర దృష్టిలో ఆ గ్రంథం 11వ శతాబ్దం నాటిది. అయినా ఆ నమ్మకమే 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్షను అమరావతికి తెచ్చింది.

అపోహ: మండలాల పుస్తకంలో రంగులు నింపితే ధ్యానమే.

వాస్తవం: మనసు నెమ్మదిస్తుంది, మంచిదే. దేవతా మండల సాధనకు మాత్రం గురువు ఇచ్చే అభిషేకం, అంటే దీక్ష, కావాలి. అంతవరకు మండల సమర్పణ చేయండి. ఒక పళ్లెం, గుప్పెడు బియ్యం చాలు. మణికట్టుతో పళ్లెం తుడిచి, మధ్యలో మేరువుకు ఒక కుప్ప, నాలుగు దిక్కుల ద్వీపాలకు నాలుగు, సూర్యచంద్రులకు రెండు పోయాలి. విశ్వమంతా అర్పించానని భావించి, ఒంపేసి, మళ్లీ మొదలుపెట్టాలి. ముఖ్య సాధనకు ముందు చేసే పూర్వాంగ సాధనలో దీన్ని లక్షసార్లు చేస్తారు. ఇరవై వేలు దాటేసరికే నా మణికట్టు చర్మం గరుకెక్కింది.