ఐదో మ్యాచ్ దగ్గరే ఎందుకు ఆగుతున్నారు?

సెప్టెంబర్ చివరి వారం వచ్చిందంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఒకటే లెక్క. నాలుగు మ్యాచ్‌లు అయిపోయాయి, ఐదోది ఆడితే ఆ సీజన్ ఖర్చయినట్టే, మరి ఎవరు ఆడతారు, ఎవరు పక్కన కూర్చుంటారు? 2025 సెప్టెంబర్‌లో ఈ లెక్క కోర్టుకెక్కింది. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో లైన్‌బ్యాకర్‌గా, అంటే డిఫెన్స్‌లో ఆడే లాంగ్‌స్టన్ ప్యాటర్సన్, మరికొందరు క్రీడాకారులు కలిసి కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ మీద ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ఐదేళ్లూ ప్రాక్టీస్ చేయించుకుంటారు కానీ నాలుగు సీజన్లే ఆడనిస్తారు, ఐదూ ఎందుకు ఆడనివ్వరు అన్నది వాళ్ల ప్రశ్న. ఆ దావా నెగ్గితే రెడ్‌షర్ట్, అంటే మ్యాచ్‌లు ఆడించకుండా దాచిన ఏడాది, అనే మాటకే పని ఉండదు.

నెబ్రాస్కాలో ఎర్ర చొక్కా వేసుకుని ప్రాక్టీస్ చేసిన ఓ కుర్రాడి వల్ల ఈ పేరు వచ్చిందంటారు, ఆ కథ వదిలేద్దాం. క్లుప్తంగా ఇదీ సంగతి: ఆటగాడికి ఐదేళ్ల గడువు ఉంటుంది, అందులో నాలుగు సీజన్లు ఆడొచ్చు. మిగిలిన ఒక్క ఏడాది జట్టుతోనే ఉంటాడు, బరువులెత్తుతాడు, ప్రాక్టీస్ చేస్తాడు, మ్యాచ్ మాత్రం ఆడడు. మన దగ్గర నీట్‌కి లాంగ్‌టర్మ్ పెట్టించినట్టే అనుకోవచ్చు. తేడా ఏంటంటే, అక్కడ లాంగ్‌టర్మ్ పెట్టాలా వద్దా అన్నది చాలాకాలం పిల్లాడి చేతిలో గానీ ఇంట్లోవాళ్ల చేతిలో గానీ లేదు. కోచ్ చేతిలోనే ఉండేది.

ఈ నిర్ణయం అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది రన్నింగ్ బ్యాక్‌ల విషయంలో. వాళ్ల అసలు పని బంతి పట్టుకుని పరిగెత్తడం, అది పద్దెనిమిదేళ్లకే వచ్చేస్తుంది. రానిది వేరే ఉంది. థర్డ్ డౌన్, అంటే పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఇంకా ఎనిమిది గజాలు కావాలి. అవతలి లైన్‌బ్యాకర్ ముందు వరసలో అడ్డుగా నిలబడే గార్డుకీ ట్యాకిల్‌కీ మధ్య సందులోంచి దూసుకొస్తాడని బంతి కదలకముందే పసిగట్టాలి. పసిగట్టి, వంద కిలోల మనిషికి ఎదురెళ్లి రొమ్ముతో ఆపాలి. రెండు క్షణాలు ఆపితే చాలు, క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేస్తాడు. ఆపలేకపోతే దెబ్బ తగిలేది తనకు కాదు, క్వార్టర్‌బ్యాక్‌కి. హైస్కూల్లో ఈ పని ఆ కుర్రాడితో ఎవరూ చేయించి ఉండరు. అక్కడ అతనే హీరో, బంతంతా అతని చేతికే. అందుకే ఎంత వేగం ఉన్నా కొత్త కుర్రాణ్ని థర్డ్ డౌన్‌లో దింపడానికి కోచ్ జంకుతాడు.

2018 దాకా ఈ జంకుకు రూల్ కూడా తోడైంది. కుర్రాడు ఒక్క ప్లే ఆడినా సీజన్ మొత్తం ఖర్చయినట్టే, పెద్ద గాయం ఉంటే తప్ప మినహాయింపు లేదు. అక్టోబర్‌లో ఇద్దరు సీనియర్లు మోకాళ్లు పట్టుకుని కూలబడ్డారనుకోండి. బెంచీ మీది పిల్లాణ్ని దింపితే ఆరుసార్లు బంతి పట్టుకుని పరిగెత్తినందుకు ఏడాది పోతుంది, దింపకపోతే మ్యాచ్ పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

అసలు మలుపు 2018 జూన్‌లో వచ్చింది. నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా రెడ్‌షర్ట్ పోదని ఎన్‌సీఏఏ రూల్ మార్చింది. ఇవాళ ఆటగాళ్లు మధ్యలో వదిలేసి పోతున్నారని వాపోతున్న కోచ్‌లే ఈ మార్పును గట్టిగా సమర్థించారన్నది గుర్తుపెట్టుకోవాలి. వాళ్ల లెక్క వాళ్లకుంది. నవంబర్‌కి జట్టు అలిసిపోతుంది, అప్పటికి కుర్రాడు నాలుగు ముక్కలు నేర్చుకుని ఉంటాడు, చివర్లో దింపి చూసుకోవచ్చు. పైగా 2016లో లెనార్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకఫ్రీ లాంటి పేరున్న రన్నింగ్ బ్యాక్‌లు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ ముందు ఒళ్లు కాపాడుకోవడానికి సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్‌లు ఎగ్గొట్టారు. ఆ ఖాళీలు నింపడానికీ ఎవరో ఒకరు కావాలి.

ఇదే రూల్‌ని ఆటగాడు కూడా చదువుతాడన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

నాలుగు నెలలు తిరక్కుండానే తెలిసొచ్చింది. 2018 సెప్టెంబర్‌లో క్లెమ్సన్ యూనివర్సిటీ జట్టు మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. అప్పుడు సీనియర్ క్వార్టర్‌బ్యాక్ కెల్లీ బ్రయంట్‌ని పక్కనపెట్టి కొత్త కుర్రాడు ట్రెవర్ లారెన్స్‌ని ముందుకు తెచ్చారు. బ్రయంట్ ఆడింది నాలుగే, ఏడాది ఇంకా మిగిలే ఉంది. జట్టు వదిలేశాడు, తర్వాతి ఏడాది మిజోరికి ఆడాడు. ఆ శనివారమే సిరక్యూస్‌తో మ్యాచ్‌లో లారెన్స్ గాయపడ్డాడు. ఆ స్థానంలో దిగాల్సిన అనుభవజ్ఞుడు అప్పటికే వెళ్లిపోయాడు. మూడో క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతిచ్చి కోచ్‌లు రన్నింగ్ బ్యాక్ ట్రావిస్ ఎటియెన్ మీదే భారం వేశారు. అతను ఆ రోజు 203 గజాలు పరిగెత్తాడు, ఆట ముగియడానికి 41 సెకన్ల ముందు గెలిపించే టచ్‌డౌన్ చేశాడు. 27-23. క్లెమ్సన్ ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా చాంపియన్ అయింది కాబట్టి ఆ మధ్యాహ్నం పడ్డ టెన్షన్ ఇప్పుడెవరికీ గుర్తులేదు. బ్రయంట్‌ని తిట్టిన తిట్లు మాత్రం గుర్తున్నాయి.

ఆ తిట్ల వెనక ఉన్న నీతి ఏంటో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1972 దాకా మొదటి ఏడాది పిల్లలు పెద్ద జట్టులో ఆడటానికే లేదు. అనుమతి వచ్చిన ఏడాదే ఒహాయో స్టేట్‌లో ఆర్చీ గ్రిఫిన్ మొదటి మ్యాచ్‌లో బంతి జారవిడిచి, రెండో మ్యాచ్‌లో నార్త్ కరోలినా మీద 239 గజాలు పరిగెత్తాడు. 1980లో జార్జియా కుర్రాడు హెర్షెల్ వాకర్ మొదటి మ్యాచ్‌లోనే టెనెసీ డిఫెండర్‌ని గుద్దుకుంటూ వెళ్లి టచ్‌డౌన్ చేశాడు, ఆ సీజన్‌లో 1,616 గజాలు, జట్టుకు జాతీయ టైటిల్. వాళ్ల ఏడాది ఖర్చవుతోందని అప్పుడు ఏ కోచ్ బాధపడలేదు. అవసరం ఉంటే దింపారు, లేకపోతే దాచారు. దాచిన పిల్లాడు అడిగిందేమీ లేదు.

రన్నింగ్ బ్యాక్‌కి ఆ దాచిన ఏడాది నిజంగా పనికొచ్చిందా? విస్కాన్సిన్‌నే చూడండి. మెల్విన్ గోర్డన్ 2011లో మూడు మ్యాచ్‌లాడి గాయంతో ఆగాడు, ఆ ఏడాది రెడ్‌షర్ట్ అయింది. 2014లో 2,587 గజాలు పరిగెత్తాడు. ఒక సీజన్‌లో అంతకంటే ఎక్కువ అప్పటికి బ్యారీ శాండర్స్ ఒక్కడిదే. అదే కాలేజీలో 2017లో జొనాథన్ టేలర్‌ని మొదటి ఏడాదే దింపారు, 1,977 గజాలతో కొత్త కుర్రాళ్ల రికార్డు కొట్టాడు. ఓపిక పట్టాలనేవాళ్లు గోర్డన్‌ని చూపిస్తారు, దింపేయమనేవాళ్లు టేలర్‌ని. అయితే టేలర్ మూడు సీజన్లాడి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాడు. గోర్డన్ కూడా ఇంకో సీజన్ మిగిలుండగానే వెళ్లిపోయాడు. అంత జాగ్రత్తగా దాచిన ఏడాది వాడుకోనేలేదు.

కారణం ఎన్‌ఎఫ్‌ఎల్ రూల్. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తేనే డ్రాఫ్ట్‌లోకి రానిస్తారు. 2002లో ఒహాయో స్టేట్‌ని చాంపియన్ చేసిన మారిస్ క్లారెట్ దీనిమీద కోర్టుకెళ్లి కింద గెలిచి, 2004లో అప్పీల్లో ఓడిపోయాడు. బెంచీ మీద కూర్చున్న ఏడాది కూడా ఆ మూడేళ్లలో కలుస్తుంది. మోకాళ్లు అరిగిపోకముందే పెద్ద లీగ్‌కి చేరాలనుకునే రన్నింగ్ బ్యాక్‌కి నాలుగో సీజన్ ఎందుకు? స్టార్‌కి ఆ మిగులు దండగ. స్టార్ కానివాడికే అది ఆస్తి, 2021 నుంచి అక్షరాలా ఆస్తి. ఆ జులైలో ఆటగాళ్లు తమ పేరుమీద డబ్బు సంపాదించుకోవచ్చని తేలింది. 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా కాలేజీ మారొచ్చన్నారు. మిగిలిన ఒక సీజన్ అంటే ఇంకో ఏడాది జీతం అన్నమాట.

అందుకే 2024 సెప్టెంబర్‌లో నెవాడా లాస్ వేగాస్ యూనివర్సిటీ జట్టు వరసగా మూడు గెలిచి ఊపుమీదున్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా ఆగిపోయాడు. ఇస్తామన్న లక్ష డాలర్లు ఇవ్వలేదన్నది అతని వైపు మాట, అలాంటి ఒప్పందమే లేదన్నది అటువైపు మాట. పత్రికలన్నీ అక్కడే ఆగాయి. అదే వారం అదే జట్టు రన్నింగ్ బ్యాక్ మైకేల్ అలెన్ కూడా రెడ్‌షర్ట్ తీసుకుంటానని ప్రకటించాడు. అనుకున్న అవకాశాలు రాలేదన్నాడు. నాకు అలెన్ సంగతే ముఖ్యంగా కనిపిస్తుంది. వారానికి నాలుగైదు సార్లు బంతి అందుకునే రన్నింగ్ బ్యాక్ ఐదో మ్యాచ్ ఆడి సీజన్ పోగొట్టుకోవాలని అడగడం ఎంతవరకు సబబు?

జట్టు ధర్మం ఏమైందని కోచ్‌లు అడుగుతారు. సీజన్ మధ్యలో మనిషి పోతే ఆ భారం మోసేది తోటి ఆటగాళ్లే, అది కాదనలేం. కానీ 2019లో హ్యూస్టన్ జట్టు ఒక గెలుపు, మూడు ఓటములతో మొదలైనప్పుడు స్టార్ క్వార్టర్‌బ్యాక్ డెరిక్ కింగ్ మిగతా సీజన్ ఆడకుండా ఏడాది దాచుకుంటాడని ప్రకటిస్తే, అది జట్టుకూ మేలేనన్నట్టు మాట్లాడింది కోచింగ్ బృందమే. జనవరికల్లా కింగ్ మయామీకి వెళ్లిపోయాడు.

ఐదేళ్లకు ఐదు సీజన్లు వస్తే ఈ సెప్టెంబర్ లెక్క మాయమవుతుంది. కోచ్ ఎవర్ని దాచాలో చూసుకోనక్కర్లేదు, ఆటగాడు ఐదో మ్యాచ్ ముందు ఆగనక్కర్లేదు. అయితే 2025 జూన్‌లో వేరే దావాలో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్ ప్రకారం ఫుట్‌బాల్ జట్టులో 105 మందికి మించి ఉండకూడదు. ఐదో ఏడాది రన్నింగ్ బ్యాక్ కదలకుండా కూర్చుంటే, థర్డ్ డౌన్‌లో లైన్‌బ్యాకర్‌ని ఆపడం ఎలాగో అతనికి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది కాబట్టి, కోచ్ అతన్నే ఉంచుకుంటాడు. ఇప్పుడు హైస్కూల్ చివరి ఏడాదిలో ఉన్న కుర్రాడి చోటు అక్కడే పోతుంది. ప్యాటర్సన్ దావాలో అతని తరఫున లాయర్ ఎవరూ లేరు.