షావుకారు నోరు మూశాక

మా చిన్నప్పుడు కిరాణా కొట్టుకు వెళ్లడమంటే షావుకారుతో మాట్లాడటమే. "అరకిలో కందిపప్పు" అంటే, "కొత్త పంట వచ్చింది, కిలో తీసుకోరాదూ" అనేవాడు. పప్పులు, బెల్లం, నూనె డబ్బాలు అన్నీ బల్లకు అవతల, మనం ఇవతల. మన చేతికీ సరుకుకీ మధ్య ఒక మనిషి, ఒక త్రాసు.

వందేళ్ల కిందట అమెరికాలోనూ ఇదే తీరు. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి 1916 సెప్టెంబరులో ఆ బల్లను తీసేశాడు. పిగ్లీ విగ్లీ అని పేరు పెట్టిన ఆ కొట్లో తిరిగే గేటు తోసుకుని లోపలికెళ్లాలి, బుట్ట పట్టుకోవాలి, ధర రాసి పెట్టిన సరుకు ఎవరికి వారే తీసుకోవాలి, చివర్లో డబ్బు కట్టాలి. ఇందులో వింతేముంది అంటారా? వింతంతా దారిలో ఉంది. వెళ్లడానికి ఒక్కటే దారి, రావడానికి ఒక్కటే. మధ్యలో అరల వెంట మెలికలు తిరుగుతూ మొత్తం సరుకు ముందునుంచి నడవాల్సిందే. ఉప్పు కోసం వచ్చినవాడు బిస్కెట్లు చూడకుండా బయటపడలేడు. ఈ కొట్టు నమూనాకు 1917లో పేటెంటు కూడా వచ్చింది. హైదరాబాద్‌లోని ఐకియా ఫర్నిచర్ షాపులో నేలమీది బాణాలు పట్టుకుని నడిచేటప్పుడు మనం తొక్కేది ఇంచుమించు ఆ దారినే.

సాండర్స్‌కు కావలసింది గుమాస్తాల జీతాలు మిగలడం. కానీ గుమాస్తాతో పాటు అతని మాట కూడా పోయింది. "ఇది బాగుంటుందమ్మా" అని చెప్పే మనిషి లేకపోతే ఆ పని ఎవరు చెయ్యాలి? డబ్బా మీది బొమ్మ చెయ్యాలి, అర ఎత్తు చెయ్యాలి, దారి మలుపు, దీపం వెలుగు చెయ్యాలి. షాపు డిజైన్ అనే విద్య మొత్తం ఆ ఖాళీలోంచే పుట్టిందని నాకనిపిస్తుంది.

ఆ తర్వాత అడ్డొచ్చింది చెయ్యి నొప్పి. బుట్ట బరువెక్కగానే కొనడం ఆగిపోతుంది. ఓక్లహామా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే షాపు యజమాని 1936లో మడత కుర్చీని చూసి, దానికి బుట్టలూ చక్రాలూ తగిలిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ట్రాలీ తయారైంది గానీ ఎవరూ ముట్టుకోలేదు. ఆ మాత్రం బుట్ట మోయలేమా అని మగవాళ్లకు నామోషీ. పిల్లల బండ్లు తోసి తోసి విసిగిపోయాం, మళ్లీ ఇదొకటా అని ఆడవాళ్లు. చివరికి డబ్బిచ్చి కొందరిచేత షాపులో ట్రాలీలు తోయించాడు. నలుగురు తోస్తుంటే అయిదోవాడికి సిగ్గు పోయింది.

చెవిని కూడా వదల్లేదు. అమెరికాలో రొనాల్డ్ మిల్లిమన్ అనే పరిశోధకుడు ఒక సూపర్‌మార్కెట్లో కొన్నాళ్లు నెమ్మది సంగీతం, కొన్నాళ్లు వేగమైన సంగీతం వినిపించి, ఫలితాన్ని 1982లో ప్రచురించాడు. నెమ్మది సంగీతానికి జనం నడక మందగించింది. అమ్మకాలు వేగమైన సంగీతపు రోజులకన్నా 38 శాతం ఎక్కువ. ఒక్క షాపు లెక్క కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. 1997లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన ఇంగ్లండు ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది. వైన్ అరల దగ్గర ఫ్రెంచి బాణీలు మోగినప్పుడు 40 ఫ్రెంచి సీసాలు, 8 జర్మన్ సీసాలు అమ్ముడయ్యాయి. జర్మన్ బాణీలకు 22 జర్మన్, 12 ఫ్రెంచి. పాట విని కొన్నారా అని అడిగితే ఎక్కువమంది అబ్బే, లేదన్నారు.

అలాగని షాపులో ప్రతి మూలా కుట్రే అనుకోకూడదు. పాలు ఎప్పుడూ చిట్టచివర ఎందుకుంటాయి? మనల్ని అంతదూరం నడిపించడానికేనని అంటారు. కొంత నిజమే కావచ్చు. కానీ చల్లటి గది వెనక ఉండి, ప్యాకెట్లు అటునుంచే నింపితే పాలు విరగవు, పనీ తేలిక.

ఈ పాఠాలన్నీ మన దేశంలో తలకిందులైన సందర్భం ఒకటుంది. బిగ్‌బజార్ షాపులు పెట్టిన కిశోర్ బియానీ మొదట్లో పాశ్చాత్య పద్ధతిలో వెడల్పాటి దారులు, నీటుగా సర్దిన అరలు పెడితే, జనం అటునుంచి ఇటు నడిచి వట్టి చేతులతో బయటికి వెళ్లిపోయారట. దాంతో తన షాపుల్లో కావాలనే దారులు ఇరుకు చేయించాడు, వస్తువులు పెద్ద డబ్బాల్లో కుప్ప పోయించాడు. మచ్చలున్న ఉల్లిపాయల్ని కూడా ఏరి పారేయనిచ్చేవాడు కాదు. గుట్టలోంచి మంచివి నేనే ఏరుకున్నానన్న తృప్తి కొనేవాళ్లకు దక్కాలి కదా! రైతుబజారులో వంకాయలు ఏరే మా అమ్మను చూస్తే ఈ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది.

చీరల కొట్టు మాత్రం సాండర్స్ మాట వినలేదు. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటాం. కూల్‌డ్రింకు వస్తుంది. సేల్స్ కుర్రాడు చీర మడతను గాల్లోకి విసిరి విప్పుతాడు, కొంగు సరిగ్గా మన ఒళ్లో పడుతుంది. చేత్తో తడిమిన చీర అప్పుడే సగం మనదైనట్టుంటుంది. "వద్దు" అన్నకొద్దీ పక్కన గుట్ట పెరుగుతుంది. ముప్పయ్యో చీర విప్పేసరికి, పాపం ఇన్ని మడతలు విప్పించామే అని మొహమాటం. ఆ గుట్టను మన కళ్లముందు మడత పెట్టకుండా అలా వదిలేయడాన్ని మించిన షాపు డిజైన్ నేనెక్కడా చూడలేదు.

సాండర్స్ కథ పిగ్లీ విగ్లీతో ఆగలేదు. షేర్ల జూదంలో ఆ కంపెనీని పోగొట్టుకుని, 1937లో కీడూజిల్ అనే యంత్రాల కొట్టు తెరిచాడు. అద్దాల వెనక నమూనాలుంటాయి. చేతిలోని తాళంచెవితో కావలసినవి ఎంచుకుంటే సరుకు లోపలినుంచి బెల్టు మీద కదిలి వస్తుంది. యంత్రాలు మాటిమాటికీ మొరాయించడంతో అది నిలవలేదు. నిమిషాల్లో సరుకు తెచ్చే ఇప్పటి డెలివరీ యాప్‌ల గోదాములు చూస్తే కీడూజిలే గుర్తొస్తుంది. అక్కడ పాటలుండవు, మెలికల దార్లుండవు. అరల మధ్య తిరిగేది కొనేవాళ్లు కాదు, సరుకు తీసే కుర్రాళ్లు. వాళ్ల పని ఎంత తొందరగా అయితే అంత లాభం. మెలికలన్నీ ఫోన్ తెరమీదికి చేరాయి. డబ్బు కట్టబోయే ముందు "ఇంకో 30 రూపాయలు కొంటే డెలివరీ ఉచితం" అంటుంది. మొన్న పెరుగు తెప్పిస్తే, దాంతోపాటు ఇంటికి ఒక కట్ట అగ్గిపెట్టెలు వచ్చాయి.