బుర్జ్ ఖలీఫా పునాది: అపోహలు - వాస్తవాలు

పునాదుల రూపకల్పన నా వృత్తి కాబట్టి, ఇల్లు కట్టుకోబోయేవారితో మాట్లాడినప్పుడల్లా దుబాయ్ బుర్జ్ ఖలీఫా ప్రస్తావన వస్తూనే ఉంటుంది. "828 మీటర్ల కట్టడాన్నే ఇసుకలో నిలబెట్టారు, మా రెండంతస్తులకు సాయిల్ టెస్ట్ ఎందుకండీ?" అని కొందరు అడుగుతారు. "అక్కడ గట్టి రాయి తగిలేదాకా దిగారట, మాకూ రాయి తగిలింది, ఇక భయమేమిటి?" అని మరికొందరు అంటారు. ఒకదానికొకటి పొసగని ఈ రెండు వాదనలూ చివరికి నేల పరీక్ష మానేయడానికే సాకులవుతున్నాయి.

అపోహ: ఎత్తైన కట్టడానికి పునాది గట్టి రాతి మీద కూర్చోవాలి, రాయి తగిలితే పరీక్షలతో పని లేదు.

వాస్తవం: బుర్జ్ ఖలీఫా కింద అలాంటి గట్టి రాయి లేదు. పైన కొన్ని మీటర్ల ఇసుక, ఆ కింద బలహీనమైన ఇసుకరాయి, సున్నపు రేణువులతో ఏర్పడిన కాల్కరెనైట్ వంటి రాతిపొరలు ఉన్నాయి. అందుకే 3.7 మీటర్ల మందం గల కాంక్రీటు పలకను, అంటే రాఫ్ట్‌ను, దాని కింద 1.5 మీటర్ల వ్యాసంతో, 40 మీటర్లకు మించిన పొడవుతో 190కి పైగా కాంక్రీటు స్తంభాలను, అంటే పైల్స్‌ను వేశారు. ఈ పైల్స్ అడుగున ఏదో రాతిపై నిలబడి బరువు మోస్తున్నాయనుకుంటే పొరపాటు. కర్రలో దిగిన మేకులాగా, తమ పొడవునా చుట్టూ ఉన్న రాతిపొరతో కలిగే రాపిడి వల్లనే అవి భారంలో అధిక భాగాన్ని మోస్తున్నాయి.

ఆ రాపిడి ఎంత అనేది ఊహించి చెప్పగలిగేది కాదు. నేల పొరలు చూసేందుకు పదుల సంఖ్యలో బోర్‌హోళ్లు వేశారు, వాటిలో లోతైనది 140 మీటర్లు దిగింది. ఒక్కో పైల్ మోయవలసిన భారం సుమారు 3,000 టన్నులు కాగా, పరీక్షలో 6,000 టన్నుల వరకు మోపి చూశారు. హైడర్ కన్సల్టింగ్ అనే ఇంజనీరింగ్ సంస్థ చేసిన పునాది లెక్కలను పునాదుల నిపుణుడు హ్యారీ పౌలోస్ బృందం విడిగా మళ్ళీ సరిచూసింది. ఇంత చేసినా కట్టడం అసలు కుంగదని ఎవరూ చెప్పలేదు. 70-80 మిల్లీమీటర్ల వరకు కుంగవచ్చని ముందే లెక్కగట్టారు, నిర్మాణ కాలంలో తీసిన కొలతలు ఆ అంచనాకు లోబడే ఉన్నాయి.

మన దగ్గర నష్టం జరుగుతున్నది సరిగ్గా ఇక్కడే. కట్టడమంతా సమానంగా కుంగితే గోడలకు పెద్దగా హాని ఉండదు; ఒక మూల ఎక్కువ, మరో మూల తక్కువ కుంగితేనే పగుళ్ళు వస్తాయి. హైదరాబాద్ నేలలో ఒక గుంటలో గ్రానైట్ బండ తగిలి, నాలుగు అడుగుల అవతల గుంటలో మెత్తని మొరం రావడం మామూలే, పైగా ఆ తగిలిన బండ కూడా విడి గుండో, అడుగుదాకా పరుచుకున్న రాయో తవ్వినంత మాత్రాన తేలదు. గుంటూరు వైపు నల్లరేగడిలో పరిస్థితి వేరు: తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే ఆ నేల తేలికపాటి ఇంటిని ఏటా ఎత్తి దించుతుంది. అటువైపు పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు పక్కింటి ఫుటింగుల (స్తంభాల కింది పునాది దిమ్మెల) కొలతలే మేస్త్రీ చేత తన ఇంటికీ వేయించారు. పక్కింటివారు రేగడి తీసేసి గ్రావెల్ నింపించారన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. వేసవి వచ్చేసరికి కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు తెరుచుకునేవి. "ఇంకో రెండు బీములు వేయిస్తే సరిపోతుందా బాబూ?" అని ఆయన అడిగినప్పుడు, సాయిల్ టెస్ట్ దండగని ఆయనకు నమ్మకంగా చెప్పినవారి మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆ ఇంటి మరమ్మతులకు పోసిన డబ్బులో పరీక్ష ఖర్చు చాలా చిన్న భాగం.

అపోహ: స్టీలు, సిమెంటు ఎక్కువ పోస్తే పునాదికి చావు లేదు.

వాస్తవం: బుర్జ్ ఖలీఫా కింది భూగర్భజలం సముద్రపు నీటికన్నా ఉప్పగా ఉంటుంది, క్లోరైడ్లు 4.5 శాతం వరకు ఉన్నాయి. అలాంటిచోట ఎంత స్టీలు వేసినా కాపు లేకపోతే తుప్పు పడుతుంది. అందుకే ఫ్లై యాష్ (బొగ్గు బూడిద), సిలికా ఫ్యూమ్ (మెత్తని సిలికా పొడి) కలిపి నీరు చొరబడని చిక్కని కాంక్రీటు వాడారు, వాటర్‌ప్రూఫింగ్‌తో పాటు స్వల్ప విద్యుత్తుతో తుప్పును ఆపే కాథోడిక్ రక్షణ కూడా పెట్టారు. సముద్రతీరంలో ఇల్లు కట్టేవారు స్టీలు పెంచే ముందు కాంక్రీటు కవర్ (స్టీలును కప్పే కాంక్రీటు మందం) సంగతి అడగాలి.





అపోహ: ఊగే భవనం బలహీనమైనది.

వాస్తవం: ఎత్తైన కట్టడాలన్నీ గాలికి ఊగుతాయి. బుర్జ్ ఖలీఫా ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి సుమారు 11 సెకన్లు పడుతుంది. దాని స్ట్రక్చరల్ ఇంజనీరు విలియం బేకర్ బృందం భవనపు మూడు రెక్కలు నడిమి కాంక్రీటు గొట్టాన్ని, అంటే కోర్‌ను కాచేలా, పైకి వెళ్ళేకొద్దీ మెట్లుగా తగ్గేలా ఆకారాన్ని మలిచింది. దానివల్ల గాలి సుడులు ఒకే లయలో కూడి కట్టడాన్ని ఊపలేవు. నమూనా మీదికి గాలి వదిలి చూసే గాలిసొరంగ పరీక్షల తరువాత భవనం దిశనే 120 డిగ్రీలు తిప్పారు. ముప్పయ్యో అంతస్తులో గ్లాసులో నీళ్ళు కదలడం చూసి రాత్రంతా మేలుకున్నామని ఫోన్ చేసేవారిని నేను ఎన్నడూ తేలికగా తీసిపారేయను. ఆ భయం సహజం, కానీ ఆ కదలికను డిజైన్‌లో ముందే లెక్కించి ఉంటారు. స్తంభం మీదగానీ, బీము-స్తంభం కలిసేచోటగానీ కొత్త పగులు కనిపిస్తే మాత్రం తేదీ రాసి ఫొటో తీసి, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించండి.