ఎక్కువమంది వాడే సిస్టమ్‌కే వైరస్‌లు వస్తాయా?

ఆఫీసుల్లో కంప్యూటర్లు, సర్వర్లు చూసుకోవడం నా పని. ఎక్కడికి వెళ్లినా ఒక మాట వినిపిస్తుంది: "విండోస్ అందరూ వాడతారు కాబట్టి వైరస్‌లన్నీ దానికే. మాది మ్యాక్ అండీ, మాకేం భయం లేదు." ఇందులో కొంత నిజం ఉంది. ఆ కొంతనే పట్టుకుని అప్‌డేట్లు మానేసినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: ఏది ఎక్కువమంది వాడితే దెబ్బ దానికే.

వాస్తవం: 2001లో వెబ్ సర్వర్లలో, అంటే వెబ్‌సైట్లను అందించే సాఫ్ట్‌వేర్లలో, అపాచీదే పైచేయి. మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ దాని వెనకే ఉండేది. అయినా ఆ జులైలో కోడ్ రెడ్ అనే వార్మ్ (తనంతట తానే ఒక మెషిన్ నుంచి ఇంకోదానికి పాకే వైరస్ లాంటిది) పట్టుకున్నది ఐఐఎస్‌నే. 14 గంటల్లోపే మూడున్నర లక్షలకు పైగా మెషిన్లకు పాకింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్, అంటే ప్యాచ్, నెల ముందే వచ్చింది. కానీ విండోస్ 2000 సర్వర్ వేస్తే ఐఐఎస్ కూడా దాంతోపాటే ఎక్కేది. తమ మెషిన్‌లో వెబ్ సర్వర్ నడుస్తోందనే చాలామందికి తెలియదు, ఇక ప్యాచ్ ఎవరు వేస్తారు?

2004లో వచ్చిన విటీ వార్మ్ ఇంకా గట్టి ఉదాహరణ. అది ఒకే కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని వాడుకుంది. దొరికినవి సుమారు 12,000 మెషిన్లే. గంట తిరక్కుండానే వాటిని పట్టేసి, డిస్కుల్లోని డేటాను చెరిపేస్తూ పోయింది.

అపోహ: మ్యాక్‌కి, సర్వర్లలో ఎక్కువగా నడిచే లైనక్స్ సిస్టమ్‌కి ఏమీ రాదు.

వాస్తవం: 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) 6 లక్షలకు పైగా మ్యాక్‌లలో దూరింది. అది వాడుకున్న జావా సాఫ్ట్‌వేర్ లోపానికి, దాన్ని తయారుచేసే ఒరాకిల్ ఫిబ్రవరిలోనే ప్యాచ్ ఇచ్చింది, మ్యాక్‌లకు ఆపిల్ ఇచ్చేసరికి ఏప్రిల్ వచ్చింది. ఆ సందులోనే అంతా జరిగింది.

లైనక్స్ సంగతి మీరే చూడొచ్చు. కొత్త సర్వర్‌కి పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్ నుంచి చేరగలిగే చిరునామా) ఇచ్చి, లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే లాగ్ తెరిచి కూర్చోండి. కాసేపట్లోనే "ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్" అని, అంటే రూట్ అనే ప్రధాన ఖాతాకి పాస్‌వర్డ్ తప్పని, వరుసలు పడుతుంటాయి. తర్వాత అడ్మిన్, టెస్ట్, ఉబుంటు అనే పేర్లతో... ఎవరో మీ మీద పగబట్టి చేస్తున్నది కాదు. కనిపించిన ప్రతి ఐపీనీ తట్టి చూసే స్క్రిప్టులవి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాగే లైనక్స్‌తో నడిచే కెమెరాల్లోకి, రౌటర్లలోకి కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లతోనే లాగిన్ అయిపోయింది.

అపోహ: అయితే వాడకానికీ దాడులకూ సంబంధమే లేదు.

ఇదీ తప్పే. మాల్‌వేర్ రాసేవాడికి అది వ్యాపారం, జనం ఉన్నచోటే వల వేస్తాడు. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడ్. అందుకే ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైళ్లు (ఆండ్రాయిడ్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) వాట్సాప్‌లో తిరుగుతున్నాయి.

మా వీధిలో మందుల షాపు నడిపే బాబాయ్ ఒకరోజు ఫోన్ పట్టుకుని వచ్చారు. "చలానా అని వచ్చింది బాబూ. నొక్కితే ఏవేవో అడిగింది, అన్నిటికీ సరే కొట్టాను. ఏమీ తెరుచుకోలేదు." ఆ అడిగినవాటిలో ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఉంది. అంటే ఇక ఓటీపీలన్నీ అవతలివాడికి చేరినట్టే. అదే ఫైలు ఫ్యామిలీ గ్రూపులో ఆయన కొడుకు ఐఫోన్‌కీ వచ్చింది. అతనూ నొక్కాడట, కానీ ఐఫోన్‌లో ఏపీకే ఇన్‌స్టాల్ కాదు. వల ఆండ్రాయిడ్ వాళ్లకు వేసింది, నిజమే. కానీ ఆ ఫైలు లోపలికి వెళ్లగలిగింది మాత్రం ఆయన ఇచ్చిన అనుమతులతో.

ముందు నెట్ కట్టేశాం. నా ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి ఖాతా ఆపించాం, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చెప్పాం. ఆ యాప్ తీసేశాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే, తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్‌కి అనుమతి వాట్సాప్ పక్కన ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆయన చేతే దాన్ని ఆఫ్ చేయించాను.