సంతకం, చేరిక, మౌనం: ఓడల భద్రతా ఒప్పందాలపై విశాఖ రేవులో నేను వినే అపోహలు

విశాఖ పోర్టుకు వచ్చే ఓడల్లో సర్వే పని చేస్తాను. గ్యాంగ్‌వే ఎక్కి సర్టిఫికెట్లు తిరగేసేటప్పుడు, ఏజెంట్ల ఆఫీసుల్లో, అప్పుడప్పుడు పాఠం చెప్పే క్లాసులో కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. అవి నమ్మి కూర్చుంటే సరుకు రేవులోనే ఆగిపోతుంది. ఒక్కోసారి మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: మన ప్రభుత్వం సంతకం పెట్టని కొత్త రూల్ మనకు వర్తించదు.

2016 జూన్‌లో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ మేనేజర్ గారు టెన్షన్‌గా ఫోన్ చేశారు. జూలై 1 నుంచి సరుకు నింపిన ప్రతి కంటైనర్ అసలు బరువు తేల్చి కాగితం మీద ఇస్తేనే ఓడ ఎక్కిస్తామని షిప్పింగ్ లైన్ చెప్పిందట. “మన దేశం దీనికి ఎప్పుడు సంతకం పెట్టింది సార్? నేనెక్కడా చూళ్లేదే!” అన్నారు. పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ లేదు.

వాస్తవం: మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, సోలాస్‌లో మౌనం పూర్తి అంగీకారం. సముద్రంలో ప్రాణరక్షణ కోసం 1974లో కుదిరిన ఒప్పందం పేరు సోలాస్. అందులోని సాంకేతిక నియమాలను లండన్‌లోని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అంటే ఐఎంఓ కమిటీ సవరిస్తే, అభ్యంతరం చెప్పడానికి కొంత గడువు ఇస్తారు. మామూలుగా రెండేళ్లు, ఎంత తగ్గించినా ఏడాదికి తక్కువ కాదు. ఆలోగా సభ్యదేశాల్లో మూడో వంతు కంటే ఎక్కువ, లేదా ప్రపంచ వాణిజ్య ఓడల టన్నేజీలో, అంటే మొత్తం ఓడల పరిమాణంలో, సగమైనా చేతిలో ఉన్న దేశాలు కాదనకపోతే సవరణ ఆమోదం పొందినట్టే. ఆ తర్వాత ఆరు నెలలకు అమల్లోకి వస్తుంది. కంటైనర్ బరువు సవరణను కమిటీ 2014 నవంబర్‌లోనే చేసింది. మేనేజర్ గారికి వార్త చేరేసరికి అభ్యంతరాల గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఇలా ఎందుకు పెట్టారో తెలిస్తే ఆ పద్ధతి మీద గౌరవం కలుగుతుంది. దీనికి ముందున్న 1960 ఒప్పందంలో ప్రతి సవరణకూ మూడింట రెండు వంతుల దేశాలు విడిగా ఒప్పుకోవాలి. 1966 నుంచి సవరణల మీద సవరణలు చేశారు. దేశాల ఉత్తరాలు రాక ఒక్కటీ అమల్లోకి రాలేదు. లోపం ఎక్కడుందో తెలిసీ, మందు రాసి పెట్టుకునీ, ఓడలు పాత నియమాలతోనే తిరిగాయి. ఆ రోజుల్లో సముద్రం మీద ఉన్న నావికులను తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఒక దేశం అభ్యంతరం చెప్పి ఒక్క సవరణకు దూరంగా ఉండవచ్చు. ఒప్పందంలోని అధికరణలకు, అనుబంధం మొదటి అధ్యాయానికి మాత్రం మౌనం చాలదు, అక్కడ పాత పద్ధతే.

అపోహ: సంతకం పెట్టారంటే చేరినట్టే.

వాస్తవం: చాలాసార్లు సంతకం తొలి అడుగు మాత్రమే. దేశం లోపల ఆమోదం తెచ్చుకుని, ఆ పత్రాన్ని ఐఎంఓ సెక్రటరీ జనరల్ దగ్గర దాఖలు చేయాలి. సంతకాల గడువు ముగిశాక వచ్చే దేశం నేరుగా చేరిక పత్రమే ఇస్తుంది. అయినా అందరి లెక్కా కుదిరే వరకు ఒప్పందం నిద్రపోతూనే ఉంటుంది. సోలాస్‌కు 25 దేశాలు, ప్రపంచ టన్నేజీలో సగం కావాల్సి వచ్చింది. 1974లో కుదిరినది 1980 మే 25న గానీ మేల్కోలేదు. పాత ఓడలను విడగొట్టే పనిపై 2009 నాటి హాంకాంగ్ ఒప్పందం ఇంకా ఆలస్యం. మన దేశం 2019 నవంబర్‌లో చేరింది. బంగ్లాదేశ్, లైబీరియా 2023 జూన్‌లో చేరాక లెక్క సరిపోయి, 2025 జూన్ 26న అమల్లోకి వచ్చింది.

మన కోర్టులో నిలవాలంటే పార్లమెంటు చట్టం కూడా ఉండాలి. రాజ్యాంగంలోని 253వ అధికరణ ఆ అధికారం ఇస్తుంది. సోలాస్ నియమాలకు ఇక్కడ ఏళ్ల తరబడి బలమిచ్చింది 1958 మర్చంట్ షిప్పింగ్ చట్టం. 2025లో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది.

అపోహ: ఒప్పందంలో లేని దేశంలో ఓడను రిజిస్టర్ చేసి, ఆ దేశం జెండా కడితే ఎవరూ ఆపలేరు.

వాస్తవం: ఆపుతారు. సభ్యదేశపు రేవుకు వచ్చిన బయటి దేశపు ఓడకు మిగతా వాటికంటే మెరుగైన మర్యాద చేయకూడదని సోలాస్‌కు జోడించిన 1978 ప్రోటోకాల్ చెబుతోంది. ఓడ ఎక్కి తనిఖీ చేసేది ఐఎంఓ కాదు, రేవు ఉన్న దేశం. మన దగ్గర ఆ పని మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ సర్వేయర్లది.

అపోహ: నచ్చకపోతే ఏ రోజైనా బయటికి వచ్చేయొచ్చు.

వాస్తవం: సోలాస్ తనకు వర్తించిన రోజు నుంచి ఐదేళ్లు గడవనిదే ఏ దేశమూ తప్పుకోలేదు. తర్వాత రాతపూర్వకంగా నోటీసు ఇచ్చినా అది అమలయ్యేది ఏడాదికి. బయటికి వచ్చినా దాని ఓడలు ఇతరుల రేవులకు వెళ్లక తప్పదు, అక్కడ పైన చెప్పిన నియమం కాచుకుని ఉంటుంది. నేను చూసినంతలో దేశాలు ఒప్పందం వదిలేది ఎక్కువగా కొత్తదానిలోకి మారడానికే. చమురు కాలుష్య పరిహారం విషయంలో 1992 ప్రోటోకాళ్లలోకి వెళ్తూ చాలా దేశాలు పాత ఒప్పందాలకు నోటీసు ఇచ్చాయి, మన దేశం కూడా ఇచ్చింది. అలా సభ్యదేశాల సంఖ్య 25 కంటే తగ్గిపోగా, ఆ పరిహారానికి నిధి ఏర్పాటు చేసిన 1971 నాటి ఫండ్ ఒప్పందం 2002 మే 24న అమల్లో లేకుండా పోయింది.

అపోహ: ఇవన్నీ ఫిషింగ్ హార్బర్ బోట్లకూ వర్తిస్తాయి.

వాస్తవం: సోలాస్‌లో చాలా అధ్యాయాలు చేపల ఓడలను వదిలేశాయి. వాటి కోసం 1977లో స్పెయిన్‌లోని టొర్రెమోలినోస్‌లో వేరే ఒప్పందం రాసుకున్నారు. సరిపడా దేశాలు చేరక అది ఎన్నడూ అమల్లోకి రాలేదు. దాని బదులు 2012లో కేప్‌టౌన్ ఒప్పందం రాశారు, అదీ 24 మీటర్లు, అంతకు మించిన ఓడలకే. మన హార్బర్‌లో కట్టేసి ఉండే మరబోట్లు చాలావరకు అంతకన్నా పొట్టివి. వేటకు వెళ్లే మన వాళ్ల లైఫ్ జాకెట్ల సంగతి ఇప్పటికీ మన సొంత చట్టాల చేతుల్లోనే, మన తనిఖీల చేతుల్లోనే ఉంది.